ఫొటో కోసం కుట్టుమిషన్

అక్టోబర్ 29, బుధవారం

లోన్ వాయిదా రోజు. గ్రూపు ఆడవాళ్ళమంతా మా ముందుగదిలో చాప మీద. దేవుడి పటం కిందనే కూర్చొని, ఒకరికొకరం హామీ అని చదివాం. లీడర్‌ని కనుక చదివించేది నేనే. ఎదురింటి బాలమణి ఖాళీ చేతులతో వచ్చింది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు లేవకూడదు. తలా ఇంత వేసి ఆమెది కట్టేశాం. కంపెనీ సారు నవ్వుతూనే తీసుకున్నాడు. బాలమణి ఎవరి ముఖమూ చూడలేదు.

బాలమణి భర్త భివండి మగ్గాల దగ్గర చెయ్యి పోగొట్టుకొని ఇంటికి చేరాడు. ఆమె బీడీలు చేసేది... కార్ఖానావాళ్ళు ఆకు ఇవ్వడం మానేశారు. ఆ ఇంట్లోకి రూపాయి వచ్చే దారి లేదు. వాడకట్టంతా తెలుసు. సారుకూ తెలుసు.

అక్టోబర్ 31, శుక్రవారం

సారు మళ్ళీ వచ్చి గ్రూపును పిలిపించాడు. మంచి మాట చెప్పడానికట. బాలమణికి కొత్త లోన్, పాతదానికంటే పెద్దది. పాతది అందులోనే తీరుతుంది. "మీ అందరికి రంది వోతది గద." ఒక్కటే అడ్డం — ఆమెకు పని ఉన్నట్టు ఫొటో కావాలి.

"అక్కా, నీ కుట్టుమిషన్ ఒక్కపూట వాళ్ళ అరుగు మీద పెట్టు. ఫొటో దిగినంక తెచ్చుకో. టైలరింగ్ అని నేను రాసుకుంట. లీడర్‌వి గద, ఆఫీసోళ్ళు నిన్నడుగుతరు. అవునను, సాలు."

గ్రూపులోని రేణుక పకపకా నవ్వింది. "నేను బర్రె పక్కన నిలవడి దిగలేదా సారూ? అది మా మరిది బర్రె. ఫొటోల నాకంటె అదే మంచిగ వడ్డది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబర్ 3, సోమవారం

ఉపవాసం. శివుడికి దీపం పెట్టి లేస్తుంటే బాలమణి గుమ్మంలో.

"వదినె, నువ్వు ఊ అంటె అయిపోతది."

"మల్ల ఎట్ల కడుతవ్?"

"దేవుడున్నడు."

రోజూ నేననే మాటే. ఆమె నోట వింటే భయమేసింది.

నవంబర్ 4

పూజలో మనసు నిలవలేదు. మిషన్ తుడిచి నూనె వేశాను. ఎందుకో.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

ఇవాళ బాలమణి వాయిదాకు రాలేదు. రేణుక అంది — "నడువున్రి, ఆమె గడప కాడనే కూసుందాం. ఎట్ల బయటికి రాదో సూద్దాం." లీడర్ ముందు నడవాలి. నడిచాను. గడప నిండా కూర్చున్నాం. వాడకట్టు చూస్తోంది. లోపల భర్త దగ్గు.

పొద్దు గూకింది. బాలమణి లోపలి నుంచి దీపం పట్టుకొని వచ్చి మా వెనుక నిలబడింది.

"జెర జరుగున్రి. గడపకు దీపం పెట్టుకుంట."

ఎవరూ కదలలేదు. నేను జరిగాను, ఒక్క జానెడు. ఆ సందులో వంగి పెట్టి లోపలికి పోయింది. దీపానికి అడ్డంగా కూర్చోలేక... మెల్లగా ఒక్కొక్కరం లేచాం. రేణుక మాత్రం అంది, "దీపానికి నూనె ఎట్లొచ్చిందో అడుగున్రి." నాకు ఆమె మీద కోపం రాలేదు. బాలమణి కట్టకపోవడంతో తన కొత్త లోన్ కూడా ఆగింది. ఇంటి మీద రేకులు ఎగిరిపోయి ప్లాస్టిక్ కవరు కట్టుకొని ఉంటున్నారు.

కట్టలేని మనిషికి ఇచ్చేది కంపెనీ. కట్టగలదని చెప్పేది నేను. వాయిదా నాడు గడప మీద కూర్చునేది మేమందరం.

నవంబర్ 6

సారు ఫోన్. "రేపో ఎల్లుండో ఫొటో కాకుంటె గ్రూపు మొత్తం లోన్లు ఆగుతయ్ అక్కా. నా చేతుల ఏం లేదు."

గట్టిగా కాదనడం నాకు చేతకాదు.

నవంబర్ 7, శుక్రవారం

మిషన్ మోసుకుపోవడానికి రేణుక వాళ్ళు వచ్చారు. నోటికొచ్చింది అనేశాను — "ఇయ్యాల శుక్రవారం. లక్ష్మిని ఇల్లు దాటియ్యను." దసరాకు ఆ మిషన్‌కు పెట్టిన బొట్టు ఇంకా ఉంది. అది చూసి ఎవరూ ఎదురు చెప్పలేదు. నా మాట మీద అంత నమ్మకం.

దేవుడిని అడ్డం పెట్టుకున్నాను. నా భయాన్ని మడి అనుకున్నారు.

పోతూ పోతూ రేణుక — "శనివారం ఏ అడ్డం లేదు గదా వదినె?"

నవంబర్ 8, శనివారం

పొద్దున్నే బాలమణి. మంచి చీర కట్టుకుంది, ఫొటో కోసం.

"అరుగు అలికి జాగ జేసిన వదినె."

ధైర్యం తెచ్చుకొని చెప్పాను — సారుకు ఉన్నమాట చెబుతానని. ఆమెకు పని లేదని, లోన్ ఇస్తే మునుగుతుందని. బ్లౌజులకు చేతిపని ఇస్తాను, వచ్చినకాడికి పంచుకుందామని.

కోపం రాలేదు ఆమెకు. వస్తే బాగుండేది.

"నువ్వు ఇయ్యకుంటె సిద్దిపేటల మిషన్లే లేవా? గజ్వేల్ నుంచి ఇంకో కంపెనోడు తిరుగుతుండు. వానికి ఫొటో గూడ అక్కరలేదట. వడ్డీ డబల్." గుమ్మం దాటబోయి తిరిగింది. "నీకు పాపం అంటకుంటె సాలా వదినె? బుధవారం మల్ల వచ్చి నా గడప మీద కూసుంటవా, కూసోవా? గది చెప్పు."

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మిషన్ మీద గుడ్డ కప్పి, పక్కనే కూర్చొని రాస్తున్నాను. కిటికీలోంచి ఎదురింటి అరుగు కనిపిస్తోంది. పేడతో అలికి, మధ్యలో మిషన్ పట్టేంత జాగ వదిలి చుట్టూ ముగ్గేసింది. పక్కన నిలబడి జుట్టు సరిచేసుకుంటోంది...

సారు బండి ఆగింది. ముందు అక్కడికి పోలేదు. మా తలుపు దగ్గరికే వస్తున్నాడు.

"అక్కా... ఉన్నవా?"