వందనాలకి జవాబు

2005 నవంబరు 7, సోమవారం

పాసింజరు పుల్ల స్టేషన్లో ఆగిపోయింది. సిగ్నల్ లేదట. రాసుకోవడానికి పావుగంట దొరికింది.

పదో తరగతికి ఇవాళ జర్మనీ పాఠం మొదలుపెట్టాను. క్లాసు పుస్తకంలో కాస్తే ఉంది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావుపాటి పుస్తకం రెండు వారాలుగా చదువుతున్నాను... చదవకుండా ఉండాల్సింది. గ్యాసు గదుల సంగతి ఎప్పుడో తెలుసు. ఫారాల సంగతే తెలీదు. ఆసుపత్రుల్లో ఉన్న మతిలేనివాళ్ళకీ, అవిటివాళ్ళకీ మనిషికో ఫారం. ఏం జబ్బు, ఏం పని చెయ్యగలరు... ముగ్గురు డాక్టర్లు మనిషి మొహం చూడకుండానే గుర్తు పెట్టేవారట. బతకనివ్వాలంటే నీలం పెన్సిలుతో మైనస్. చంపాలంటే ఎర్ర పెన్సిలుతో ప్లస్.

మేం పేపర్లు దిద్దినట్టే.

పిల్లలకి చెబితే ఆవలించారు. నలభై మందీ. కోపం వచ్చింది. రేపు చెప్పను, చేయించి చూపిస్తాను.

నవంబరు 8, మంగళవారం

రైలెక్కగానే డైరీ తీశాను. 

ఒక్క పీరియడే అనుకున్నాను. చిన్న ఆట. పసుపు కాగితం ముక్కలు, గుండుసూదులు. ఎవరి మీదా కక్ష ఉండకూడదని హాజరు నంబర్లతో ఎంచాను. ముప్ఫై ఒకటి నుంచి నలభై దాకా లేచి నిలబడండి అన్నాను. మీరు ముందు బెంచీల్లో కూర్చోకూడదు. అందరూ తాగేదాకా కుళాయి ముట్టుకోకూడదు. జర్మనీలో యూదుల ఆడవాళ్ళందరి పేర్ల పక్కనా ‘సారా’ అని చేర్చారు, మగవాళ్ళకి ‘ఇజ్రాయెల్’ అని. మీ పేర్లకీ అంతే.

వాళ్ళు లేచాక చూశాను. పదిమందీ ఎస్సీ పేట పిల్లలు.

స్కాలర్‌షిప్ ఫారాలు నింపడం తేలికని వాళ్ళ పేర్లు రిజిస్టరు చివర రాస్తాం. ఎర్ర సిరాతో. అలా రాసింది ఎవరు? జూన్‌లో, నా దస్తూరీతో, నేనే. ఎలా మర్చిపోయాను?

ఆపెయ్యాల్సింది. ఆపితే ఎందుకు ఆపానో చెప్పాలి. చెప్పలేక నడిపించాను. ముప్ఫై ఏడో నంబరు కనకదుర్గ వంతు వచ్చింది. “కనకదుర్గ సారా” అన్నాను. వెనక నుంచి ఎవరో నవ్వారు. “దీని పేరు నిజంగానే సారా అండీ! చర్చిలో అలాగే పిలుస్తారు!”

క్లాసంతా నవ్వు. కనకదుర్గ నవ్వలేదు. నా వంకే చూసింది, నేను కావాలని చేశాననుకుని.

నవంబరు 9, బుధవారం

అయిపోయిందనుకున్న ఆట అవలేదు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర క్లాస్ లీడరు శ్రావణి నిలబడింది. ఎంత మర్యాదగా అందో... “మీరు కాస్త పక్కకి రండి. మావాళ్ళందరూ తాగేశాక మీరు తాగుదురుగాని.” తోటిపిల్లల్లోనే ‘మీరు’, ‘మావాళ్ళు’ అంటోంది. ఆ తొమ్మిదిమందీ పక్కకి జరిగారు కూడా. కాగితం ముక్కలు లేవు. అయినా జరిగారు.

“నిన్నటితో అయిపోయింది కదమ్మా” అన్నాను.

“ఆపమని మీరు చెప్పలేదు కదండీ.”

నిజమే. చెప్పలేదు.

కనకదుర్గ రాలేదు.

నవంబరు 10, గురువారం

రాలేదు.

స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాష్టారు నా కుర్చీ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు. “ఆ ముప్ఫై ఏడు పేరు సారా అటగదండీ?” మా క్లాసుకీ స్టాఫ్‌రూమ్‌కీ మధ్య బీరువాలే గోడ. పాఠమంతా విన్నారు. స్కాలర్‌షిప్ ఫారాలు చూసేది ఆయనే.

“పిల్లలేవో అంటారండీ” అన్నాను.

“నాకేం కక్ష లేదండీ. కాగితం సరిగ్గా ఉండాలి కదా. చర్చికెళ్ళేవాళ్ళకి ఎస్సీ కాగితం చెల్లదు. ఇరవై ఒకటికి పబ్లిక్ పరీక్ష నామినల్ రోల్స్ పంపాలి. తర్వాత ఎవరైనా అడిగితే మన మెడకి చుట్టుకుంటుంది.”

మంచి మనిషి. ఆడపిల్లలకి ఉచితంగా ట్యూషన్ చెబుతారు. అందుకే ఎక్కువ భయమేస్తోంది.

నవంబరు 11, శుక్రవారం

రాలేదు. పబ్లిక్ పరీక్షకి పేరు పంపకపోతే ఆ పిల్ల చదువు ఇంతటితో సరి.

నవంబరు 13, ఆదివారం

గుడికి వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను.

ఇక్కడైనా రాసుకోనీ. కాగితం మీద నేను కమలని, హిందువుని. గుడిలో, అంటే మా చర్చిలో, మార్తని. అమ్మ పెట్టిన పేరు మార్త. తణుకులో మిషన్ స్కూల్లో నాన్న టీచరు. నన్ను బళ్ళో వేసేటప్పుడు ఆయనే కమల అని రాయించారు. ఆ రాతతో వచ్చిన ఎస్సీ కాగితంతోనే ఈ ఉద్యోగం. పద్నాలుగేళ్ళు. ఏలూరులో రైలెక్కాక స్టిక్కర్ బొట్టు పెట్టుకుంటాను, సాయంత్రం దిగేముందు తీసి ఈ డైరీ అట్ట లోపల అంటిస్తాను. ఇప్పుడూ అక్కడే ఉంది. ఎర్ర చుక్క.

ప్రార్థనలో ఒక్క మాటా చెవికెక్కలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను. పక్కనున్న ఆవిడ అడిగింది, “ఎవరికోసమమ్మా?”

నవంబరు 14, సోమవారం

బాలల దినోత్సవం. లడ్డూలు పంచాం. వరసలో ఆ తొమ్మిదిమంది ఎవరూ చెప్పకుండానే చివర నిలబడ్డారు. వాళ్ళని ముందుకి పిలిచాను. కదల్లేదు. “పర్లేదండీ, మాకిక్కడ బావుందండీ.”

హెచ్.ఎం. గారు పిలిచారు. ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందట. కనకదుర్గ క్రైస్తవురాలని, కాగితం దొంగదని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు. ఆయనకీ భయమే. “విచారణ అంటూ ఏమీ లేదమ్మా. చిన్న ఫారం. క్లాస్ టీచరుగా మీరూ, స్కాలర్‌షిప్‌లు చూసే ఆయనా సంతకం చేస్తే సరిపోతుంది.”

ఫారం తెచ్చుకున్నాను. విద్యార్థిని మతం. తల్లి మతం. తండ్రి మతం. తాతల మతం.

తాతల మతం!

నవంబరు 15, మంగళవారం

ఇవాళ చెప్పాల్సిన పాఠం సరిగ్గా అదే. ఎవరు యూదులో తేల్చడానికి మనిషి ఏం నమ్ముతాడో అడగలేదు, తాతలూ అమ్మమ్మలూ నానమ్మల మతం లెక్కపెట్టారు. తర్వాత ఒక్కొక్కటీ. ఈ బెంచీ మీది కాదు. ఈ సినిమా హాలు మీది కాదు. సైకిల్ ఇచ్చెయ్యండి. కుక్కని పెంచుకోకూడదు. ఏ ఒక్కటీ చచ్చిపోయేంత పెద్దది కాదు. ఇరుగుపొరుగువాళ్ళు అలవాటు పడ్డారు. జిప్సీల తలలు టేపు పెట్టి కొలిచి వంశవృక్షాలు రాసుకున్నారు. అన్నీ రాసుకున్నాకే రైళ్ళు వచ్చాయి.

మా స్కూలు జర్మనీ కాదు. ఆ మాట నాకు నేను పొద్దుట్నుంచీ చెప్పుకుంటూనే ఉన్నాను.

శ్రావణి చెయ్యెత్తింది. “చచ్చిపోయిన తాతల మతం ఎలా తెలుస్తుందండీ?”

తెలివైన ప్రశ్న అని మెచ్చుకున్నాను కూడా! “చర్చిల్లో బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటాయమ్మా. అందులో లేనివాళ్ళ కోసం వెతికారు.”

బీరువాల అవతల కుర్చీ కిర్రుమంది.

సాయంత్రం లెక్కల మాష్టారు సైకిల్ స్టాండు దగ్గర కలిశారు. “భలే చెప్పారండీ పాఠం. నాకు తట్టనే లేదు సుమండీ. పేటలో పాస్టరు గారి దగ్గర రిజిస్టరు ఉంటుంది కదా!”

నా నోరు పడిపోను.

నవంబరు 17, గురువారం

ఒక పూట సెలవు పెట్టాను. గణపవరం బస్సెక్కి, అక్కడ్నుంచి ఆటో. కొల్లేరు వైపు చెరువు గట్ల మీద ఒకటే కుదుపులు. కనకదుర్గని వాళ్ళమ్మ తనతోపాటు రొయ్యల షెడ్డులో పనికి పెట్టిందని పేటలో చెప్పారు.

రేకుల షెడ్డు. ఐస్ నీళ్ళలో చేతులు పెట్టి పాతికమంది ఆడవాళ్ళు రొయ్యల తలలు తీస్తున్నారు. ఆ పిల్ల వేళ్ళు అప్పుడే ఉబ్బిపోయి తెల్లగా ఉన్నాయి.

వాళ్ళమ్మ లేచి, చేతులు చీరకి తుడుచుకుని, “వందనాలమ్మగారూ” అంది.

“వందనాలమ్మా” అన్నాను.

అనేశాక తెలిసింది. నమస్కారమంటే నమస్కారం అంటారు ఎవరైనా. వందనాలంటే తడుముకోకుండా వందనాలనేది మేమే. చిన్నప్పట్నుంచీ గుడి గుమ్మంలో నేర్చుకున్న మాట, ఆపుకోవడానికి కూడా వీల్లేకుండా వచ్చేసింది. ఆవిడ నా మొహం చూసింది. తర్వాత బొట్టు చూసింది.  స్టూలు తెచ్చి వేసింది.

పిల్ల మాత్రం అడిగింది. “ఇంట్లో మీ పేరేంటండీ?”

“కమలే” అన్నాను.

అబద్ధం. చేతులు ఐస్‌లో పెట్టుకుని నిలబడ్డ పిల్లతో.

“సోమవారం రావాలమ్మా. ఆ రోజే పేర్లు పంపేస్తారు” అన్నాను.

“వస్తే నన్ను ఏ పేరుతో పిలుస్తారండీ?”

“రికార్డులో ఉన్నదే.”

తల దించుకుని ఇంకో రొయ్య తీసింది. బయల్దేరుతుంటే వాళ్ళమ్మ ఆటో దాకా వచ్చింది. “మీరున్నారుగా అమ్మగారూ. మాకింక భయం లేదు.”

ఆవిడకి లేదు. ఆ భయం కూడా నాకే ఇచ్చి పంపింది.

నవంబరు 18, శుక్రవారం

పాస్టరు గారు రిజిస్టరు చూపించనన్నారట. హమ్మయ్య అనుకునేలోపే లెక్కల మాష్టారు, “ఆదివారం మా ఊరు వెళ్తున్నానండీ, తణుకు. మీ నాన్నగారు కూడా అక్కడే పనిచేశారటగా. ఏ స్కూలండీ?” అన్నారు.

ఊరికే అడిగారా? ఆయన ఏదీ ఊరికే అడగరు... లేదు, పిచ్చి ఊహలు. ఏమో.

“గుర్తులేదండీ” అన్నాను. కన్న తండ్రి పనిచేసిన స్కూలు గుర్తులేదట నాకు!

నవంబరు 19, శనివారం

ఫారం మావారికి చూపించాను. చదివి మడిచి ఇచ్చేశారు.

“క్రైస్తవురాలని రాసిచ్చెయ్యి. ఉన్నమాటేగా.”

“రాస్తే ఆ పిల్ల స్కాలర్‌షిప్ పోతుంది. కాగితం రద్దు చేస్తారు. పరీక్షకి పేరు ఆగిపోతుంది.”

“హిందువని రాస్తే అబద్ధం రాసిన టీచరువి నువ్వవుతావు. అబద్ధం ఎందుకు రాసిందని తవ్వుతారు. తవ్వితే మనం బయటపడతాం. కమలా, ఆ పిల్ల మనకేమవుతుంది?”

ఇంట్లో కూడా కమలే అన్నారు. ఎప్పుడూ మార్తా అని పిలిచే మనిషి.

సంతకం చెయ్యకపోతే? అప్పుడు ఎందుకు చెయ్యలేదని అడుగుతారు. ఎటు తిరిగినా అదే గడి.

నవంబరు 20, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. గంట వినపడింది. కిటికీ వేసేశాను.

రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. తెల్లకాగితం మీద నలభై పేర్లూ అక్షర క్రమంలో, ఒకే నీలం సిరాతో రాసి చూశాను. ఏ పేరు ఎవరిదో తెలీలేదు. ఎంత తేలిక! పది నిమిషాలు పట్టింది. జూన్‌లోనే ఇలా రాయడానికి నాకేం అడ్డమొచ్చింది? ఏమీ లేదు. అలవాటు.

నవంబరు 21, సోమవారం

స్టాఫ్‌రూమ్. మూడూ నలభై. ఫారం నాలుగింటికి ఇవ్వాలి.

కనకదుర్గ వచ్చింది. పొద్దున్న హాజరు పిలుస్తుంటే ముప్ఫై ఆరు దాటాక ఆగిపోయాను. నంబరు పిలవనా, ఏదో ఒక పేరు పిలవనా... నేను పిలవకముందే తనే లేచి నిలబడింది. ఎవరూ నవ్వలేదు. టిక్కు పెట్టాను.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్ గుమ్మంలోకి వచ్చింది. అందరం ఉన్నాం. హెచ్.ఎం. గారు కూడా.

“టీచర్ గారూ, మా అమ్మ మీకు వందనాలు చెప్పమందండీ.”

కావాలని అందా? తెలీక అందా? మొహంలో ఏమీ లేదు. జవాబు కోసం నిలబడింది.  “క్లాసుకి వెళ్ళమ్మా, తర్వాత మాట్లాడదాం” అన్నాను.

వెళ్ళలేదు. వరండాలో స్తంభం దగ్గర నిలబడింది. లాస్ట్ పీరియడ్ బెల్లు కొట్టినా అక్కడే ఉంది. కిటికీలోంచి నాకు కనిపిస్తోంది.

ఎదురు కుర్చీలో లెక్కల మాష్టారు పేపర్లు దిద్దుకుంటున్నారు. నిన్న తణుకు వెళ్ళొచ్చారు. ఎలా గడిచిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇందాక తన గడుల్లో సంతకం చేసి, ఫారం నా వైపు జరిపారు. నా గడులు, మతం రాయాల్సినవీ సంతకానిదీ, ఖాళీగా ఉన్నాయి. నా పెన్నులో సిరా అయిపోయిందంటే తన ఎర్ర పెన్ను మూత తీసి మరీ అందించారు.

“వందనాలంటే నమస్కారమేగాండీ?” అన్నారు. ఎంత మెత్తటి గొంతో.

“ఆ... అంతేనండీ.”

“దానికి మీలో ఏమని జవాబు చెప్తారండీ?”

మీలో అన్నారు.

మూడూ యాభై రెండు. ఆయన ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది, ఈ మాటలు దానితోనే రాస్తున్నాను. పిల్ల ఇంకా వరండాలో నిలబడే ఉంది.