కుట్టుషాపులో మారిన ముగింపు

అమ్మా, నాకు దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగ పెట్టుకోకు.

ఇక్కడ గ్రంథాలయం వాళ్ళు ఊరంతా ఒకే పాత నవల చదవాలని పెట్టారు. మా కుట్టుషాపులో నాది పెద్ద గొంతని నన్నే పైకి చదవమన్నారు. మిగతావాళ్ళు కుడుతూ వింటారు. తీరా చూస్తే అది చిన్నప్పుడు నువ్వు మాకు అన్నం పెడుతూ చెప్పిన కథే! పుస్తకంలో మాత్రం ఇల్లు వదిలి వెళ్ళిన కూతురు తిరిగి రాదు. నిన్న తల్లి గుమ్మంలో ఎదురుచూసే చోట మా కటింగ్ మాస్టారు కత్తెర పక్కన పెట్టి కళ్ళొత్తుకున్నారు. కూతురు రాలేదని చదవడానికి నాకు మనసొప్పలేదు. పేజీలోకి చూస్తూనే నీ ముగింపు చదివేశాను: కూతురు వస్తుంది, తల్లి "చేతులు కడుక్కో, అన్నం చల్లారిపోతోంది" అంటుంది.

ఇప్పుడు మా షాపువాళ్ళు ఊరందరితో వాదనకు దిగారు. "మీ పుస్తకాల్లోనే అచ్చుతప్పు పడుంటుంది" అని మాస్టారు ఒకటే పట్టు. ఆదివారం గ్రంథాలయంలో ఈ నవల మీద జరిగే సభలో నా బండారం బయటపడుతుందేమో, అయినా నవ్వొస్తోంది.

నా నీలం స్వెట్టర్ ఎలకలు కొట్టకుండా చూడు. చెల్లి పరీక్ష ఏమైంది? నాన్నకు నడుంనొప్పి తగ్గిందా? ఇద్దరినీ అడిగానని చెప్పు.

సెలవు దొరికింది, పదో తేదీన వస్తున్నాను. చేతులు గుమ్మంలోనే కడుక్కుంటాను.

నీ పెద్దది