పెట్టె దిగిన ఎర్ర జత

మార్చి 3, సోమవారం

మళ్ళీ బెంచీ. కోచ్ మా బావే, అయినా మరదలికి కన్సెషన్ ఏమీ లేదట. నాకూ నా షూస్‌కీ రెస్టు అలవాటేగా అన్నాడు, అందరి ముందూ. పాత మోడల్ బాస్కెట్‌బాల్ షూస్ పోగేస్తానని నాకు టీమువాళ్ళు పెట్టిన పేరు మ్యూజియం. ఒళ్ళు మండిపోయింది.

శనివారం మ్యాచ్‌కి ఎర్ర జత వేసుకుంటాను. కొన్నప్పటినుంచీ పెట్టె దిగని జత. అవి షోకేసు బొమ్మలు కావు, నేనూ కాను.

మార్చి 4

పెట్టె తీశాను. లేసులు కట్టుకుని వంటగదిదాకా నడిచి, వెనక్కొచ్చి సోల్స్ తడిగుడ్డతో తుడిచాను. చూడ్డానికొచ్చిన అక్క, పసిపిల్లకి కూడా ఇన్నిసార్లు కాళ్ళు తుడవరని నవ్వింది.

మార్చి 6

ప్రాక్టీసు. అబ్బ, ఏం గ్రిప్పు. ఆగమన్నచోట ఆగుతున్నాయి. చీలమండ కాస్తయినా మడత పడలేదు. వంకలు పెట్టడమే పనిగా ఉండే బావ రెండుసార్లు వంగి నా షూస్ చూశాడు. ఇంటికొచ్చాక అక్క ఫోన్ చేసింది, బావ తనకి చెప్పాడట. ఫస్ట్ ఫైవ్‌లో నేనూ ఉన్నానట, ఆట మొదలుపెట్టే ఐదుగురిలో.

మార్చి 7

నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో ఇవాళ ఒక లెన్సు తిరగేసి బిగించాను. ఓనరు తిట్టాడు. ఏం తిట్టాడో వినలేదు.

మార్చి 8, సాయంత్రం

పరువు పోయింది. మొదటి క్వార్టర్‌లోనే పరుగులోనే ఒక్కసారిగా ఎడమవైపు తిరిగి కట్ చేశాను. నేను వెళ్ళాను, కుడికాలి సోల్ ఫ్లోర్ మీదే ఉండిపోయింది. లోపలి ఫోము రస్కు పొడిలా రాలింది. వాడకుండా దాచినా ఫోముకి వయసొస్తుందని అందరికీ లెక్చర్లిచ్చేది నేనే. నా జతకి మాత్రం రాదనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

బావ బయటికి రమ్మని సైగ చేశాడు. ఊడింది షూ, నేను కాదన్నాను. టైమవుట్ తీసుకోమన్నాను. స్టాండ్స్‌లోకి పరిగెత్తి అక్క కాళ్ళకున్న వాకింగ్ షూస్ లాగేశాను. ఒక సైజు పెద్దవి. అక్క సాక్సులు కూడా ఊడదీసి నా సాక్సుల మీద తొడుక్కున్నాను. చివరి విజిల్ దాకా ఆడాను. జారాను, పడ్డాను, లేచాను. ఆఖరి రెండు బాస్కెట్లూ నావే.

అయినా ఓడిపోయాం. ఇంటికొచ్చి ఆ ఎర్ర జతని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

మార్చి 9

బావ మెసేజ్ పెట్టాడు. వచ్చే శనివారం కూడా ఫస్ట్ ఫైవ్‌లో నేనున్నాను. సోల్ ఊడని జత చూసుకోమన్నాడు, అక్క షూస్ అక్కకిచ్చెయ్యమన్నాడు. మ్యూజియం అనలేదు.

అదే రోజు, సాయంత్రం

పెట్టెలన్నీ తెరిచాను. ఒక్కో జతా వేసుకుని హాల్లో గెంతుతున్నాను. కిందింటాయన పైకొచ్చి, ఇంకెంతసేపని అడిగాడు.

ఇంకా ఏడు జతలున్నాయన్నాను.