ధరణి చెయ్యని ప్రమాణం

చిత్తూరు జిల్లా ఐరాల కాపురస్థుడు, బెల్లం వ్యాపారి ఏకాంబరం అను నేను, డెబ్బై ఎనిమిదో ఏట, తెలివి నా చెప్పుచేతల్లో ఉండగానే, ఎవరి ఒత్తిడికీ ఆశకీ లొంగకుండా స్వదస్తూరితో రాసుకున్న వీలునామా ఇది. తెలివి గురించి నా మాట నమ్మనక్కర్లేదు. పొద్దున డాక్టర్ పద్మనాభ్ గారు వచ్చి ఇవాళ ఏ వారమని అడిగారు. శుక్రవారమన్నాను. పోయిన శుక్రవారం మీరిచ్చిన మాత్రకు కడుపు మండిందని కూడా అన్నాను. ఆయన మారుమాట లేకుండా సర్టిఫికెట్ రాశారు. దీనికి ముందు నేను రాసినవన్నీ రద్దు. దీని తర్వాత రాశానని ఎవరైనా ఇంకోటి తెస్తే, ముందు తెచ్చినవాడి మొహం చూడండి, తర్వాత కాగితం చూడండి.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత చిత్తూరు అడ్వకేటు ఎస్తేరు గారిది. ఆమెను కూడా నేను పూర్తిగా నమ్మను. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నవ్వి, ఫీజు ముందే పుచ్చుకుంది. ఆమె కూడా నన్ను నమ్మలేదన్నమాట. ఇద్దరికీ పొత్తు కుదిరింది.

2. ఊళ్లో నేను కట్టించిన ఇల్లు నా భార్య చెంగమ్మకు సర్వహక్కులతో చెందాలి. రోజూ పొద్దున కాఫీకి వచ్చి మధ్యాహ్నం భోంచేసి పోయే ఆమె తమ్ముడు దొరస్వామి కూడా ఇంటితోపాటు ఆమెకే.

3. నా కొడుకు అమర్‌నాథ్ రేణిగుంటలో గోడౌను సూపర్‌వైజరు. పిత్రార్జిత భూమిలో వాడి వాటా భాగపత్రం రాసి రిజిస్టరు చేసి ఎప్పుడో ఇచ్చేశాను. అది నేను పెట్టిన భిక్ష కాదు, పుట్టుకతో వచ్చిన హక్కు. నా స్వార్జితం మాత్రం నా ఇష్టం. అందులోంచి వాడికి నా చట్టాల పుస్తకాలు ఇస్తున్నాను. అవి ఎందుకో కింద తెలుస్తుంది.

4. అమర్‌నాథ్‌కూ వాడి భార్య ధరణికీ పొసగలేదు. తప్పెవరిదని నేను తేల్చను. నా కొడుకు గనక నా తీర్పు వంకరగానే ఉంటుంది. మూడేళ్ల కిందట దొరస్వామి పెద్దమనిషై ఇద్దరినీ కాణిపాకం తీసుకుపోయాడు. మా వైపు వాళ్లకు అప్పు తగాదా అయినా, గట్టు తగాదా అయినా వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే తీరిపోయినట్టే. కాపురం కూడా అట్లే తీరుతుందని ఆయన నమ్మకం. నేను వద్దంటే, “సామి ముందర మాట అయిపోయినాంక కోర్టు యాడికి పోతాది బావా? తెగిపోయినట్టే!” అన్నాడు. ఇక్కడొక సంగతి. మా మామిడితోట పక్కన రోడ్డు వెడల్పు చేస్తారు, తోట ధర పెరుగుతుందన్న మాట పుట్టిన నెలలోనే ఆయనకు నా కోడలి కాపురం మీద బెంగ పుట్టింది. ఈ రెండూ కవలలేమో నాకు తెలియదు. పోలికలు మాత్రం కనబడుతున్నాయి.

ఆ రోజు అమర్‌నాథ్ ఇక తనకూ ఆమెకూ సంబంధం లేదని గట్టిగా ప్రమాణం చేశాడు. ధరణి కూడా చేసిందని దొరస్వామి ఊరంతా చాటాడు. నాకు అనుమానం వచ్చి ఆమెనే అడిగాను. “నేను నోరు తెరిసింటే కదా మామా. ఇడిపోవాలని నాకూ ఉండాది. ఈ ఇంట్లోదేదీ నాకొద్దని సెప్పమన్నారు. అది అబద్ధం. సామి ముందర అబద్ధం ఎట్లా సెప్పేది?” అంది. మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టి ఇంటికొచ్చి వడలు తిన్నారు మన పెద్దలు.

5. నాకు లా ఎవరూ నేర్పలేదు. చిత్తూరు మండీలో బెల్లం వేలం ముగిసేదాకా ఈగలు తోలుకోవడం ఇష్టంలేక కోర్టు వరండాలో కూర్చునేవాణ్ణి. అక్కడ విన్నదీ, పుస్తకాల్లో చదివిందీ, ఎస్తేరు గారు సరేనన్నదీ రాస్తున్నాను. ఇంట్లో అందరూ వినండి.

ప్రమాణం విడాకులు కాదు. స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల సంతకాలూ విడాకులు కావు. కులంలో అట్లా విడిపోయే ఆచారం తరతరాలుగా ఉందని రుజువైతే చెల్లవచ్చు. అట్లా విడిపోయిన ఒక్క జంట పేరు చెప్పమంటే దొరస్వామికి దగ్గు వచ్చింది. కాబట్టి ఇవాళ్టికీ వాళ్లిద్దరూ భార్యాభర్తలే. ఇద్దరికీ విడిపోవాలని ఉంటే ఏడాది విడిగా ఉన్న తర్వాత కలిసి కోర్టులో పిటిషన్ వేయాలి. జడ్జి ఆలోచించుకోమని మామూలుగా ఆరు నెలలు గడువిస్తాడు, తగిన కారణముంటే తగ్గిస్తాడు. ఆ లోపల ఒకరి మనసు మారినా పిటిషన్ నిలబడదు. బెల్లం పాకానికే ఆగుతామే, మనిషి బతుక్కి ఆగలేమా?

అమర్‌నాథ్‌కు శ్రీకాళహస్తిలో పిల్లను చూస్తున్నారని విన్నాను. డిక్రీ లేకుండా తాళి కడితే నేరం, జైలు. ఆ పిల్లకు పుట్టే బిడ్డలకు తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది గానీ, ఆ పిల్ల మాత్రం చట్టం కంటికి భార్య కాదు. ఆమె ఎవరో నాకు తెలియదు. ఎవరింటి బిడ్డో. అందుకే వాళ్ల నాయనకు ఈ సంగతి నేనే ఫోన్ చేసి చెప్పాను. నా కొడుకు నాతో మాట్లాడటం మానేసింది ఆ రోజు నుంచే. మానితే మాననీ.

6. నేను బెల్లం అమ్మి కొన్న మామిడితోట, అందులోని బోరు, ధరణి ఇప్పుడు కాపురముంటున్న రెండు గదుల మిద్దె, ఇవన్నీ నా తదనంతరం ఆమెకు సర్వహక్కులతో చెందాలి. కొడుకు బతికుండగా కోడలికి మామ ఆస్తిలో దానంతట అది వాటా రాదు. రాసిస్తేనే వస్తుంది.

ఎస్తేరు గారు చిత్తులో ‘నా కోడలు ధరణి’ అని రాసింది. కొట్టేయించాను. రేపు డిక్రీ వస్తే కోడలు కాదు గదా అని మొదట అడిగేది దొరస్వామే. ‘తవణంపల్లె మునిప్రసాద్ గారి కుమార్తె ధరణి’ అని రాయించాను. ఆమె విడాకులు తీసుకున్నా, మళ్లీ పెళ్లి చేసుకున్నా, తోట ఆమెదే. చేసుకుంటే మంచిదే. ఈసారి మనిషిని చూసి చేసుకోమనండి.

తోట మీద ఆశతోనే ఆమె ఇక్కడ ఉంటోందని చెంగమ్మ అంటుంది. అది నా అనుమానం కూడా. కానీ ఆశ లేనివాళ్ల చేతికిస్తే తోట ఎండిపోతుంది.

7. చెంగమ్మ బీరువాలో ఉన్న ధరణి పెళ్లినాటి నగలు నేను ఇచ్చేవి కావు. అవి ఎప్పుడూ ఆమెవే. తిరిగిచ్చామని ఎవరూ గొప్ప చెప్పుకోకూడదు.

8. ధరణి ఎవరి మాటకో మెత్తబడి తోట రాసిచ్చేస్తుందని నా భయం. అమ్మకూడదని షరతు పెట్టమన్నాను. పూర్తి హక్కు ఇచ్చాక అట్లాంటి షరతు చెల్లదని ఎస్తేరు గారు పుస్తకం తీసి చూపించింది. రెండుసార్లు చదివాను. చెల్లదు. నా అనుమానానికి చట్టం గట్టు వేసింది ఇక్కడే. అవతలంతా ఆమెను నమ్మాలి. నమ్ముతున్నాను.

9. పొలం గట్టు కోసం నాతో ఇరవై ఏళ్లు వ్యాజ్యం నడిపిన కుప్పయ్యను సాక్షిగా పిలిచాను. “నీ సావు కోసరం కాసుకోనుండే నన్నే పిలస్తావా ఏకాంబరం?” అన్నాడు. అందుకే పిలిచాను. వాడు నాకు మేలు చేశాడంటే ఊళ్లో ఎవరూ నమ్మరు.

10. లాభం పొందేవాళ్లు దగ్గరుండి రాయించారంటే కోర్టు వీలునామాను అనుమానిస్తుంది. అందుకని నిన్న ధరణిని నాలుగు రోజులు పుట్టింటికి పొమ్మన్నాను. కారణం చెప్పలేదు. నేను కూడా కొడుకు పక్షం చేరాననుకుంది. మిద్దె తాళంచెవి నా ముందు పెట్టి, “మల్లా రావాల్నా, రావద్దా, అది కూడా మీరే సెప్పండి మామా” అని, జవాబు కోసం ఆగకుండా బస్సెక్కింది.

ఆమెకేమీ తెలియదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సోమవారం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దీన్ని రిజిస్టరు చేయించి, అక్కడి నుంచే తవణంపల్లె పోతాను. వీలునామా సంగతి చెప్పను. తాళంచెవి మాత్రం చేతికిచ్చి, తోటకు నీళ్లు కట్టాలి రమ్మంటాను.

ఐరాల, 14 నవంబరు 2025.

(సంతకం) ఏకాంబరం. సంతకం నాది కాదనేవాళ్ల కోసం పక్కనే ఎడమ బొటనవేలి ముద్ర.

మా ఇద్దరి ఎదుట ఏకాంబరం సంతకం చేయగా చూసి, ఆయన ఎదుటనే మేమూ సంతకాలు చేశాము. మాకు ఇందులో ఏ లాభమూ లేదు:

1. కుప్పయ్య, రైతు, ఐరాల
2. డాక్టర్ పద్మనాభ్, ఐరాల