లేని పాదానికి దురద

అన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే అనంతపురం ఆసుపత్రికి వెళ్లాను. మగ్గం గుంటలో కూర్చుంటే, కాలు తొక్కుడు పలక మీద ఉందో జారిందో తెలియడం లేదు. డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, సూదితో ఏ వేలు గుచ్చుతున్నాడో చెప్పమన్నాడు. నేత మానుకోమంటాడేమోనని భయపడి "బొటనవేలు సామీ" అన్నాను.

"నేనింకా ముట్టనే లేదు కదప్పా!" అని నవ్వాడు.

పాదం నుంచి తలకు కబురు మోసే నరాలు చక్కెర జబ్బుతో చచ్చిపోయాయట. నీ సంగతి అడిగాను. బండి చక్రం కింద నలిగిన కాలు మోకాలి దాకా తీసేసినా, నీకు అరికాలు దురద పెట్టేది కదా. తెగిన చోట నరం బతికే ఉంటుందట. అది కదిలితే తల పాదమే పిలిచిందనుకుంటుందట.

ఇంటికొచ్చి చెబితే వదిన, "మీ అన్నకు లేని కాలు దురద పెట్టె, నీకు ఉండే కాలు పలకదు. ఏమప్పా, మీ అన్నదమ్ములు ఒక్కటన్నా సక్కంగ చేస్తారా?" అంది.

నవ్వాను గానీ లోపల కుళ్లుకున్నాను. "ఈడ కాదు, ఇంకొంచెం కింద" అని నువ్వంటే, వదిన ఉత్త మంచం గోకేది. నువ్వు హాయిగా కళ్లు మూసుకునేవాడివి. లేని పాదానికి అంత భోగమా అన్నా?

డాక్టరు నేత మానుకోమనే అన్నాడు. పొద్దుగూకాక నా పెళ్లాం, అదే నీ మరదలు ఓబులమ్మ, నా కాళ్లు కడిగింది. ఆమె చెయ్యి పాదం మీద ఉందో తీసేసిందో, వంగి చూసి తెలుసుకున్నాను.

నీ తమ్ముడు