దుమ్ము లాగే మిషను వచ్చింది

మస్తాన్ గారూ,

మీరు అడిగీ అడిగీ వదిలేసిన దుమ్ము లాగే మిషను ఇవాళ మన పాత గ్రంథాల మరమ్మతు గదికి వచ్చింది. మీ బల్లకే బిగించారు. మీరు పోయి రేపటికి ఏడాది.

ముందుగా అద్దంకి రైతు ఇంటి తాటాకు గ్రంథాన్ని దాని కింద పెట్టాను. పురుగు పట్టకుండా వాళ్ల తాత పత్తికి వేసే మందుపొడి ఆకుల మధ్య చల్లాడట. మన పల్లెల నుంచి వచ్చేవన్నీ అంతే కదా. ముప్పై ఏళ్లు మీరు ఆ పొడిని నోటితోనే ఊదారు. బ్రష్ తగిలితే గీసిన అక్షరాల్లో నింపిన మసి రాలిపోతుందని మీ భయం. మాస్కు పెట్టుకోమంటే, "మూతి కట్టుకుని ఎట్టా ఊదేదమ్మా? ఆ మిషను తెప్పించమను, ఊదటం మానేస్తా" అనేవారు.

గుంటూరులో డాక్టరు మీ ఛాతీ ఎక్స్‌రే చూసి, "మిరపకాయల యార్డులో పనా?" అని అడిగాడు. "కాదండీ, పాత గ్రంథాల పని" అన్నారు మీరు, కాస్త గర్వంగానే.

మిషను బాగా లాగుతోంది. ఒక్క అక్షరం చెదరలేదు.

ఊదడం నాకు నేర్పింది మీరే. పదకొండేళ్లు ఊదాను. పోయిన వారం ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాను. నా ఎక్స్‌రేని వెలుగుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"మిరపకాయల యార్డులో పనా అమ్మా?" అన్నాడు.