వ్యాకులమాత మొహం మీది వెలుగు

సాన్ బెనిగ్నో,
ఈస్టరు తర్వాతి గురువారం.

అక్కా,

మఠం తలుపుల వెనక ప్రార్థనలో ఉన్నదానికి బయటి గోల రాయడమెందుకని ఇన్నాళ్ళూ పండక్కొక కార్డు ముక్కతో సరిపెట్టాను. ఈసారి సరిపెట్టుకోలేకపోతున్నాను. ఫాదర్‌కి పాపసంకీర్తనంలో చెప్పాను, కానీ ఆయన విన్నది ఆయనతోనే ఆగిపోతుంది. మా అమ్మాయి మిగ్దాలియా నేను చెప్పకముందే కనిపెట్టి నవ్వేసింది. నా బుద్ధి పుట్టినప్పట్నుంచి ఎరిగినదానివి నువ్వొక్కదానివే. నీకు చెబితే తప్ప మనసు కుదుటపడదని కలం పట్టాను.

ఇక్కడ అందరం ఆ తల్లి దయవల్ల బాగానే ఉన్నాం. గ్వాతెమాలా నగరంలో ఎండలు ముదిరాయని విన్నాను. నువ్వూ మీ సిస్టర్లూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. పోయిన ఉత్తరంలో నా మోకాలి సంగతి అడిగావు. నడుస్తూనే ఉంది, నడిచినంతసేపూ తిడుతూనే ఉంది. పవిత్ర వారంలో తేనెపాకం శనగలు అమ్మ చేసినట్టే చేద్దామనుకున్నాను. బెల్లం ఎక్కువ పడింది, అయినా గిన్నె ఖాళీ అయింది.

మిగ్దాలియా ఇంటికి వస్తోందా అని అడిగావు. వస్తోంది. పెళ్ళయ్యాక అల్లుడు అబ్దియాస్ వాళ్ళ సంఘంలో చేరిపోయిందని నీకు తెలుసుగా. వాళ్ళకి మన స్వరూపాలన్నీ ఒట్టి విగ్రహాలు, ఊరేగింపు వస్తే కిటికీ వేసుకుంటారు. మొదట్లో ఆ మాటల మీద నేనూ అదీ చాలా ఏడ్చాం. ఇప్పుడు ఆ మాటలు ఎత్తం, కూర వండుకుని తింటాం.

ఇక నీ మరిది కార్డు చివర రెండు ముక్కలు రాయడం ఎందుకు మానేశాడని అడిగావు. నీకు దిగులని దాచాను. నికానోర్‌కి చూపు పోతోంది అక్కా. కళ్ళల్లో ఒత్తిడట. గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య ఇంత ముక్క మాత్రం కనబడుతుంది. వచ్చే తపస్సు కాలానికి ఆ ముక్క కూడా మిగులుతుందని చెప్పలేనన్నాడు షేలా పట్నంలో కంటి డాక్టరు.

ఆ రోజు బస్సులో తిరిగొస్తూ ఆయన నవ్వుతూనే ఒక మాటన్నాడు. "ఆవిడ వీపు నాకు కంఠతా వచ్చు. మొహం ఎలా ఉంటుందో ఎవర్నైనా అడగాలి."

ఎవరి మాటో నాకు అర్థమైంది. శుభ శుక్రవారం మేం ఆడవాళ్ళం వ్యాకులమాత పల్లకి మోస్తుంటే, దీపాలకి కరెంటిచ్చే జనరేటరు బండిని వెనక నుంచి తోసేది ఆయనే. మామగారి తర్వాత ఆ పని ఆయనకొచ్చింది. ఆ పొగలో, ఆ మోతలో, ఎదురుగా తల్లి వీపే. గుళ్ళో ఆవిడ ఎత్తున అద్దాల వెనక ఉంటుంది. బట్టలు కట్టేటప్పుడు మగవాళ్ళని రానివ్వం. మొహం మీది ముసుగు తీసేది వాకిట్లోకి తెచ్చాకే, అప్పటికి ఈయన వెనక బండి స్టార్టు చేస్తూ ఉంటాడు. బతుకంతా ఆవిడకి వెలుగు మోశాడు కానీ ఆ వెలుగులో ఆవిడ మొహం ఒక్కసారీ చూడలేదు.

ఈ మాట మిగ్దాలియాతో అన్నాను. అది బజార్లో ఫోన్లు బాగుచేస్తుందిగా. రెండు వారాలు కనబడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ప్రార్థన అయ్యాక వచ్చి, మా వంటింటి బల్ల మీద అగ్గిపెట్టెంత పలక ఒకటి పెట్టింది. దానికి సన్నటి తీగలు, ఒక బ్యాటరీ, ఒక బుల్లి దీపం. తను గుమ్మం దగ్గర నిలబడి ఫోను మీద వేలు జరిపింది. బల్ల మీద దీపం వెలిగింది.

నికానోర్ బల్ల మీదంతా చేత్తో తడిమి చూశాడు. "మధ్యలో వైరేదే?"

"గాలే నాన్నా వైరు. ఫోను చెబుతుంది, పలక వింటుంది. ఇవి పిల్లలు సరదాకి చేసుకునేవే, కష్టమేం కాదు."

"గాలిని నమ్ముకుని తల్లిని వీధిలోకి తీసుకెళ్ళమంటావా?"

"మరి మీ ప్రార్థనలు పైకి వైరు మీద వెళ్తున్నాయా?"

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆర్పించాడు, వెలిగించమన్నాడు, మళ్ళీ ఆర్పించాడు.

ఆ పిల్ల పట్టుదల ఏం చెప్పను! పల్లకి దీపాలన్నీ బ్యాటరీతో వెలిగేవి పెట్టి, ఒక్కొక్క తీగా తనే అతికింది. వాళ్ళ పాస్టరుకి తెలిసి నిలదీస్తే, "బొమ్మకి చెయ్యట్లేదండీ, మా నాన్న కళ్ళకి చేస్తున్నాను" అందట. అబ్దియాస్ కూడా పక్కనే నిలబడ్డాడట పాపం, నోరెత్తకుండా. ఊరేగింపుకి మాత్రం తను రానంది. దూరమైతే ఫోను మాట పలకకి అందదు, పల్లకి పక్కన నడిచేవాళ్ళే పట్టుకోవాలి. "నువ్వు పట్టుకో అమ్మా" అంది. ఫోను మీద మూడు గీతలుంటాయి, కొవ్వొత్తులకొకటి, పూలకొకటి, మొహానికొకటి. "మొహానిది ఒక్కసారిగా గుంజకు, తెల్లవారినట్టు రావాలి" అని నా వేలు పట్టుకుని జరిపించింది, నేను దాని చేత అక్షరాలు దిద్దించినట్టు.

మా పల్లకి సంఘం పెద్ద దోన్యా ఒదీలియా ఒప్పుకుంది కానీ, ఎందుకైనా మంచిది, జనరేటరు కూడా వెనక రావాలంది. ఇంకేముంది, నికానోర్ దాన్నే పట్టుకున్నాడు.

"ఈ ఒక్క ఏడూ ముందుకి రావయ్యా, బండి ఎవరైనా తోస్తారు" అని పొద్దున్నే బతిమాలాను.

"నువ్వు మొయ్యి, నేను తోస్తా. ఎవరి పని వాళ్ళదే" అన్నాడు.

సాయంత్రం పల్లకి బయల్దేరింది. అక్కా, అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ సాగలేదు. పొగ లేదు, మోత లేదు, బ్యాండు వాయించే శోకగీతం ఒక్కటే. వీధిలో ముగ్గుల్లా పరిచిన రంగు రంపపు పొట్టు తివాచీల మీద అడుగుల చప్పుడు కూడా వినబడింది. నా వంతు పల్లకికి భుజం ఇచ్చి, పక్కకి తప్పుకుని నడుస్తున్నాను. మలుపు తిరిగేటప్పుడు వెనక ఆయన కనబడ్డాడు. పనిలేని బండిని ఒంటరిగా తోస్తూ, చక్రం గుంటలో పడుతుందేమోనని తల వంచుకుని, ఉన్న ఆ కాస్త చూపూ నేలకే ఇచ్చేసి.

అప్పుడే తల్లి మొహం మీద దీపం ఆరిపోయింది. పూలు వెలుగుతున్నాయి, కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, మొహం మాత్రం చీకటి.

"అమ్మో, అపశకునం!"

"నమ్మని వాళ్ళ చేత చేయిస్తే ఇంతే మరి!"

"నికానోర్! వైరు తీసుకురా, నికానోర్!" అని దోన్యా ఒదీలియా పల్లకి దింపించి కేకేసింది.

ఆయన వైరు చుట్ట భుజాన వేసుకుని, "తప్పుకోండమ్మా, తప్పుకోండి" అంటూ మనుషుల్ని తడుముకుంటూ ముందుకొచ్చాడు. పాత ప్లగ్గు పల్లకి ముందు, ఆవిడ పాదాల కింద ఉంటుంది. వంగి వేళ్ళతో వెతుకుతున్నాడు. అంతలో మొహం మీద మెల్లగా వెలుగొచ్చింది, తెల్లవారినట్టు. ఆయన తలెత్తాడు.

"వైరు పెట్టావా?" అంది ఒదీలియా.

"ఇంకా లేదమ్మా."

"మరెలా వెలిగింది?"

ఆయన వినిపించుకోలేదు. టోపీ తీశాడు. ఆ మొహం మీదే చూపు నిలిపి, "చిన్నపిల్లే ఈవిడ! మా మిగ్దాలియా కన్నా చిన్నది. నేనింకా మా అమ్మలా ఉంటుందనుకున్నా" అన్నాడు. పల్లకి లేచింది. వీధి చివరిదాకా ఆవిడకి ఎదురుగా, వెనక్కి అడుగులేస్తూ నడిచి, అప్పుడు వెళ్ళి బండి పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి కనబడిన వాళ్ళందరికీ ఒకటే మాట. "ఆవిడే పిలిచింది నన్ను." కానీ ఊరు ఇంకో మాట కూడా అంది, ఆ పిల్ల చెయ్యి మంచిది కాదని. బాగుచెయ్యమని ఇచ్చిన ఫోన్లు కొందరు వెనక్కి తీసుకెళ్ళారు.

నేను దాని కొట్టుకి వెళ్ళాను. అది తల ఎత్తకుండానే అంది, "బ్యాటరీ దిగిపోతే మూడూ కలిసి నీరసపడతాయమ్మా, మొహం ఒక్కటే ఆరదు. పైగా తెల్లవారినట్టు వచ్చిందట. ఆ వెలిగించడం నేను ఒక్కళ్ళకే నేర్పాను."

ఇదీ అక్కా సంగతి. నేనే ఆర్పాను. వ్యాకులమాత మొహం, అదీ శుభ శుక్రవారం నాడు, జపమాల చుట్టుకున్న చేత్తోనే. ఆయన్ని ముందుకి రప్పించడానికి నాకు ఇంకో దారి తోచలేదు.

"దోన్యా ఒదీలియాకి చెప్పేస్తాను" అన్నాను.

"చెబితే నాన్నకి తెలుస్తుంది. వద్దు. నన్నెలాగూ వాళ్ళు నరకానికి పంపేశారు, అక్కడ లైట్ల పని నేనే చూసుకుంటాలే" అని నవ్వి, తర్వాత అడిగింది. "బాగా చూశాడా?"

"చూశాడు."

"అయితే వదిలెయ్."

తల్లి స్వరూపానికి మొక్కని పిల్ల, ఆ తల్లి పిలిచిందన్న తండ్రి మాట చెదరకూడదని, కొట్టు పోతున్నా సరేనంటోంది. అలాంటి కూతుర్ని కన్నానని గర్వపడ్డాను, అది పాపమైతే అదీ రాసుకో. కానీ వదల్లేకపోయాను. ఫాదర్ కూడా, దీపం సంగతి దేవుడు చూసుకుంటాడు, నింద సంగతి నువ్వు చూసుకో అన్నారు.

ఒదీలియా ఇంటికి వెళ్ళి, "ఫోను నా చేతిలో ఉంది. వేలు నాదే" అన్నాను. కావాలని జరిపావా అని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

"అంటే యంత్రం బాగానే ఉందా?"

"బంగారంలా ఉంది."

"అయితే వచ్చే ఏడూ అదే పెడదాం. ఆ పిల్ల కొట్టుకి నా ఫోనే ముందు పంపిస్తా, ఊరు చూస్తుంది. నీ చేతికి మాత్రం ఫోనూ ఇవ్వను, పల్లకి కింద నీ భుజమూ ఇక వద్దు." అమ్మ నుంచి నాకొచ్చిన చోటు అక్కా అది. తలూపి వచ్చేశాను.

సాయంత్రానికి ఈ మాట నికానోర్ చెవిన పడనే పడింది. భయపడుతూ అన్నం పెట్టాను. "వేలు జారిందట గదే?" అన్నాడు. నేను కూర వడ్డించాను. ఆయన నా చెయ్యి తడుముకుని పట్టుకుని, "ఆవిడ వేళ్ళు కొయ్యవి కదే పిచ్చిదానా. నన్ను పిలవాలంటే ఇంకెవరి వేలు అడుగుతుంది?" అన్నాడు.

ఆ వేలు నా ఇష్టంతోనే జరిగింది. ఆయన మాట కూడా అబద్ధమని అనలేకపోతున్నాను. రోజంతా దేవుడి ఎదుట కూర్చునేదానివి, నీకేమైనా తోస్తే రాయి. మదర్ గారితో సహా ఎవ్వరికీ ఈ కాగితాలు చూపించకు, చింపనూ చింపకు. నీ దగ్గరే దాచిపెట్టు.

ఇట్లు,
నీ చెల్లెలు
ఎవులాలియా